కాక్టస్ మొలకలకి అంటు కట్టి కాచుకుని కూర్చోవడం – నా అనుభవం

ఏరియోకార్పస్ అనే కాక్టస్‌ని సొంత వేరు మీద విత్తనం నుంచి పెంచితే పువ్వు చూడ్డానికి ఎనిమిదేళ్లు పదేళ్లు పడుతుంది, అది కూడా మధ్యలో మొక్క చావకపోతే. ఆజ్టెకియం రిట్టెరి అయితే ఇంకా దారుణం, మొలకెత్తి ఏడాదైనా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటుందంతే, కుండీలో నాచు ఏదో మొక్క ఏదో తేల్చుకోవాలంటే భూతద్దం పట్టుకోవాలి. ఈ లోపల ఆ నాచే మొక్కని కప్పేస్తుంది, లేకపోతే ఫంగస్ గ్నాట్స్ అనే చిన్న ఈగల పిల్లపురుగులు వేళ్లు కొరికేస్తాయి, లేకపోతే ఓ రోజు పొద్దున్న చూసేసరికి మొలక మొదలు మెత్తబడి పక్కకి వాలిపోయి ఉంటుంది. ఇవన్నీ చూశాకే నా మనసు గ్రాఫ్టింగ్ మీదకి, అంటే అంటు కట్టడం మీదకి పోయింది. ఓపిక లేక కాదు, అంటే ఓపిక కూడా కొంచెం తక్కువే అనుకోండి, కానీ అసలు కారణం రకం చేజారిపోకుండా చూసుకోవడం. వేసిన విత్తనాల్లో మొలిచినవాటిలో కొన్నింటికి అంటు కట్టేసి పెట్టుకుంటే, మిగతావి సొంత వేరు మీద ఉన్నవి కుళ్లిపోయినా ఆ రకం మన దగ్గర మిగిలి ఉంటుంది.

అంటు కట్టిన కాక్టస్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ ఎర్రబంతి, కింద మూడు పలకల పచ్చ కాడ, పైన ఎర్రగానో పసుపుగానో ఒక గుండ్రటి ముద్ద. మూన్ కాక్టస్ అంటారు. చూసేవాళ్లు అది ఎర్ర కాక్టస్ అనుకుంటారు గానీ అది జిమ్నోకాలిసియం మిహనోవిచి అనే మొక్కలో పచ్చదనం లేకుండా పుట్టిన పిల్ల. 1941లో జపాన్‌లో వతనాబే అనే ఆయన తన మొలకల్లో అలాంటి ఎర్రవి పుడితే వాటిని అంటు కట్టి బతికించాడు, అక్కడ మొదలైంది ఈ వ్యాపారమంతా. క్లోరోఫిల్ లేదు కాబట్టి సొంతంగా అన్నం వండుకోలేదు, కింద ఉన్న డ్రాగన్ ఫ్రూట్ జాతి కాడే దాన్ని పోషించాలి. నేను చెప్పబోయేది ఆ రకం అంటు కాదు. ఇక్కడ పైన పెట్టే మొలక పచ్చగా ఆరోగ్యంగా ఉన్నదే, కేవలం దాని వేళ్లు నెమ్మది కాబట్టి వేగంగా లాగే వేళ్ల మీద కొంతకాలం కూర్చోబెడతాం.

ఆ వేగంగా లాగే మొక్క పేరు పెరెస్కియోప్సిస్. మెక్సికో, గ్వాటెమాలా వైపుది. ఇది కూడా కాక్టసే అంటే ఎవరూ నమ్మరు, సన్నటి కాడ, దానికి మందపాటి ఆకులు, చూడ్డానికి ఏదో కంచె మొక్క అనుకుంటారు. దగ్గరికెళ్లి పట్టుకుంటే తెలుస్తుంది, ఆకు మొదట్లో కళ్ల (ముళ్లూ చిగుళ్లూ పుట్టుకొచ్చే చుక్కల) దగ్గర కంటికి కనపడనంత సన్నటి నూగుముళ్లు కుచ్చులు కుచ్చులుగా ఉంటాయి, వేళ్లకి దిగితే రెండ్రోజులు చురుక్కుమంటూనే ఉంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకున్నా గ్లవ్స్‌కి అంటుకుని తర్వాత ఎక్కడెక్కడో తేలతాయి. నేను కట్ చేసే చోట కింద రెండు మూడంగుళాల మేర ముందే ట్వీజర్స్‌తో ఈ నూగుని గోకేస్తాను, అదొక బోరింగ్ పని, కానీ చేయకపోతే సరిగ్గా మొలకని కూర్చోబెట్టే టైమ్‌కి వేలికి గుచ్చుకుని చెయ్యి అదురుతుంది.

కొమ్మ ముక్క గుచ్చితే వారం రెండు వారాల్లో వేరు వచ్చేస్తుంది దీనికి. కాబట్టి స్టాక్, అంటే అంటుకి కింద వేళ్లిచ్చే మొక్క, తయారు చేసుకోవడం కష్టం కాదు, కష్టమల్లా సరైన స్థితిలో ఉన్న స్టాక్ సరైన రోజుకి చేతిలో ఉండటం. నాకైతే ఈ మొత్తం పనిలో ముఖ్యమైంది ఇదే అనిపిస్తుంది. బ్లేడు పట్టుకునే చెయ్యి ఎంత స్థిరంగా ఉంది, కోత ఎంత నున్నగా వచ్చింది అనేవాటి గురించి అందరూ తెగ మాట్లాడతారు, అవి అక్కర్లేదని కాదు, కానీ కొసన కొత్త ఆకులు విచ్చుకుంటూ లేత పచ్చగా మిలమిలలాడుతున్న స్టాక్ మీద కొంచెం వంకరగా కోసినా అతుక్కుంటుంది. ఎదుగుదల ఆగిపోయి కొస ముదురు రంగుకి తిరిగి ఆకులు దళసరిగా గట్టిగా అయిపోయిన స్టాక్ మీద ఎంత అందంగా కోసి పెట్టినా ఊరికే కూర్చుంటుంది. అందుకే నేను స్టాక్‌ని కనీసం కొన్ని వారాల ముందు నుంచీ మేపుతాను. వెచ్చగా, బాగా వెలుతురుండే చోట, నీళ్లు తగ్గకుండా. మామూలు కాక్టస్‌కి పోసినట్టు ఎండిన తర్వాత పోద్దాం అంటే దీనికి కుదరదు, ఇది ఆకుల మొక్క, ఎండబెడితే ఆకులు రాల్చేసి పడుకుంటుంది. నత్రజని ఉన్న ఎరువు పల్చగా కలిపి అప్పుడప్పుడు ఇస్తాను. అంటు కట్టే ముందు రోజు నిండుగా నీళ్లు పెడతాను, కోసినప్పుడు కోత మీద తడి మెరవాలి, మెరవకపోతే ఆ కుండీ పక్కన పెట్టేసి ఇంకోటి తీసుకుంటాను.

ఇక మొలకల సంగతి. ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్ మొదలుపెట్టేవాళ్లకి బెస్ట్, విత్తనం పెద్దది, మంచి విత్తనమైతే వెచ్చగా తడిగా పెడితే రెండు నుంచి ఐదు రోజుల్లో పగిలి గుండ్రంగా బొద్దుగా మొలక వస్తుంది, చేత్తో పట్టుకోగలిగినంత ఉంటుంది. మొలిచిన వారానికే అంటు కట్టొచ్చు, నేను మాత్రం నడినెత్తి మీద మొదటి ముళ్ల కుచ్చు కనపడేదాకా ఆగుతాను, అప్పుడు ఏది పైనో ఏది కిందో అయోమయం ఉండదు, లోపల కండ కూడా కొంచెం పట్టుకుని ఉంటుంది. ఏరియోకార్పస్ కూడా ఫర్వాలేదు. ఆజ్టెకియం విత్తనం పొడిలా ఉంటుంది, దాని మొలక కొయ్యడమంటే ఇసుక రేణువుని రెండు ముక్కలు చేయడం కిందే లెక్క, దాన్ని నేను కొన్ని నెలలు మూత డబ్బాలో పెంచి ఒక మిల్లీమీటరు దాటాకే ముట్టుకున్నాను.

కోసే పద్ధతి చెప్తాను, చదవడానికి పొడుగ్గా ఉంటుంది గానీ చేసేటప్పుడు నిమిషం కూడా పట్టదు, పట్టకూడదు కూడా. గడ్డం గీసుకునే రెండంచుల బ్లేడుని కవర్లో ఉండగానే నిలువుగా విరిస్తే రెండు ముక్కలొస్తాయి, ఒక్కో ముక్క పట్టుకోవడానికి అనుకూలంగా ఉంటుంది. కొత్త బ్లేడు మీద నూనె పూత ఉంటుంది, అది ఆల్కహాల్‌తో తుడిచేయాలి, ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే కొయ్యాలి. స్టాక్ కొస నుంచి ఒకటి రెండు సెంటీమీటర్లు కిందకి వచ్చి కోస్తాను. మరీ కొసనైతే మెత్తగా నీళ్లగా ఉండి కుంగిపోతుంది, మరీ కిందికెళ్తే కాడ మధ్యలో కట్టెలా గట్టిపడి ఉంటుంది, బ్లేడు కరకరమని ఆగిందంటే అక్కడ వద్దు, ఇంకొంచెం పైకి. తర్వాత మొలకని అడ్డంగా కోస్తాను, నడిమికి కాస్త కిందగా. అప్పుడు మళ్లీ స్టాక్ మీద పల్చటి పొర ఒకటి లేపుతాను, ఎందుకంటే మొలకని కోసేలోపు ఆ పైభాగం గాలికి ఆరడం మొదలుపెడుతుంది, తాజా తడి కావాలి.

కోసిన మొలక దాని తడికే బ్లేడుకి అతుక్కుని ఉంటుంది, దాన్ని వేళ్లతో పట్టుకోవాల్సిన పని లేదు. బ్లేడుని తీసుకెళ్లి స్టాక్ కోత మీద ఆనించి పక్కకి జరిపితే మొలక జారి స్టాక్ మీదకి వస్తుంది, మధ్యలో గాలి బుడగ కూడా చిక్కుకోదు. పైనుంచి నిలువుగా దించితే కింద బుడగ ఉండిపోయే అవకాశం ఎక్కువ. తర్వాత టూత్‌పిక్ మొండి వైపుతో నెత్తి మీద మెల్లగా నొక్కి ఓ పది పదిహేను సెకన్లు అలాగే ఉంచుతాను, కొద్దిగా అటూ ఇటూ తిప్పితే సర్దుకుని కూర్చుంటుంది. ఇంత చిన్నవాటికి రబ్బరు బ్యాండ్లూ దారాలూ అక్కర్లేదు, ఆ తడే పట్టి ఉంచుతుంది.

ఎక్కడ కూర్చోబెట్టాలి అనేదే అసలు విషయం. కోసిన కాడలోకి చూస్తే నడుమ చిన్న వలయం కనపడుతుంది, నీరూ ఆహారమూ మోసే నాళాలు ఆ వలయంలోనే ఉంటాయి. మొలకలో ఆ వలయం ఎంత చిన్నదంటే దాదాపు చుక్కే. చుక్కని తీసుకెళ్లి వలయం సరిగ్గా నడిమధ్యలో పెడితే చూడ్డానికి చక్కగా ఉంటుంది గానీ రెండు నాళాలూ ఒకదాన్నొకటి తాకవు, నడుమ ఉన్నది ఉత్త గుజ్జు. రెండు పైపులు కలిపేటప్పుడు చిల్లికి చిల్లి ఎదురుపడాలి కదా, అలాగే ఇక్కడ కూడా మొలకని కాస్త పక్కకి జరిపి దాని చుక్క స్టాక్ వలయం గీత మీద పడేలా పెట్టాలి. పక్కకి ఒరిగినట్టు కనిపిస్తుంది, ఏం ఫర్వాలేదు, పెరిగాక అదే నిండిపోతుంది, ఆర్నెల్లు పోతే ఎక్కడ పెట్టామో మనకే తెలియదు.

అయిపోయాక తేమ. సగానికి కత్తిరించిన ప్లాస్టిక్ బాటిల్ బోర్లించినా సరే, జిప్ కవర్ తొడిగినా సరే, లోపల గాలి తడిగా ఉండాలి కానీ నీటి చుక్కలు మొలక మీద పడకూడదు. ఎండ తగలని, మసక వెలుతురున్న చోట, పాతిక నుంచి ముప్పై డిగ్రీల మధ్య వెచ్చగా. మూడు నాలుగు రోజులు మూత తియ్యను. ఆ తర్వాత రోజూ కాసేపు తీసి పెట్టి, ఆ కాసేపుని పెంచుకుంటూ పోయి, వారానికల్లా పూర్తిగా తీసేస్తాను. ఈ రోజుల్లో స్టాక్‌కి నీళ్లు పొయ్యను, ముందురోజు పోసిందే చాలు. కింద నీళ్లు మరీ ఎక్కువైతే వేళ్ల ఒత్తిడికి కోత మీద చుక్క ఊరి మొలకని పైకి తేల్చేస్తుంది, పొద్దున్న చూస్తే మొలక పక్కన కుండీలో పడి ఉంటుంది. అలా పడిందాన్ని వెంటనే చూస్తే ఇద్దరికీ మళ్లీ పల్చగా కోసి కూర్చోబెట్టొచ్చు, కొన్ని అలా రెండోసారికి అతుక్కున్నాయి కూడా. ఎండిపోయి తోలు అయిపోతే ఇంక పనికిరాదు, కానీ స్టాక్ వృథా కాదు, ఇంకో అంగుళం కిందకి కోసి వేరే మొలక పెట్టుకోవచ్చు. ఈ ఒక్క కారణానికే స్టాక్‌లు కొంచెం పొడుగ్గా పెంచుకోమంటాను.

ఇప్పుడు మొదలవుతుంది కూర్చుని చూడటం.

మొదటి రోజు ఏం తెలియదు. రెండో రోజు అన్నీ కాస్త వడిలినట్టే ఉంటాయి, అతుక్కోబోయేవీ పోబోయేవీ ఒకేలా కనిపిస్తాయి, అందుకని ఆ రోజు చూసి దిగులుపడటం దండగ. మూడు నుంచి ఐదు రోజుల మధ్య తేడా వస్తుంది. అతుక్కున్నది మళ్లీ నీరు పట్టి నిగనిగలాడుతుంది, పక్కలు ఉబ్బుతాయి. పోయేది అడుగు అంచు దగ్గర లోపలికి ముడుచుకుని గోధుమరంగు గీత కడుతుంది, నెత్తి గుంట పడుతుంది. ఇక్కడ చెయ్యి ఊరుకోదు, కదులుతుందా లేదా అని టూత్‌పిక్‌తో ఒక్కసారి తోసి చూద్దాం అనిపిస్తుంది. వద్దు. అప్పటికి రెండు కోతల మధ్య పుట్టిన కణాలు ఇంకా లేతవి, నాళాలు కలవలేదు, తోస్తే తెగిపోతాయి. వేలు పెట్టకుండా చూడ్డానికి నేను ఫోన్లో రోజూ ఒకే కోణంలో ఒక ఫోటో తీసుకుంటాను, పక్కన స్కేలు పెట్టి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కంటికి ఆనదు, వారం క్రితం ఫోటో తెరిస్తే ఆనుతుంది.

పది రోజుల నుంచి రెండు వారాలకి నడినెత్తిన కొత్త ముళ్ల కుచ్చు కనిపిస్తే అది అంటు కలిసినట్టు. ఉబ్బడం కాదు, కొత్త ముల్లు. ఈ తేడా ముఖ్యం ఎందుకంటే నాళాలు కలవకపోయినా కోత తడి పీల్చుకుని కొన్నిరోజులు మొలక బొద్దుగానే ఉండగలదు, అది చూసి అతుక్కుందని సంబరపడి మూత తీసి ఎండలో పెడితే రెండ్రోజుల్లో వడిలిపోతుంది. నెత్తి మీద కొత్తది పుట్టేదాకా నేను దేన్నీ అయినట్టు లెక్కవేయను.

ఆస్టీరియాస్‌లు అనుకున్నట్టే గబగబా లేచాయి. ఏరియోకార్పస్‌లు వేరే రకం, అవి అతుక్కుని కూడా చాలారోజులు ఏమీ చెయ్యకుండా కూర్చుని, ఒక్కసారిగా ఒక కొత్త బొడిపె వేసి మళ్లీ ఆగి, తర్వాతెప్పుడో దారిలో పడ్డాయి. ఇంకొన్ని మాత్రం వేరే తలనొప్పి. అవి చావవు, వాడవు, రంగు మారదు, పచ్చగా నిండుగానే ఉంటాయి, కానీ పెరగవు. నెలలు గడిచినా స్కేలు మీద అదే గీత. దీనికి నాకు రెండు కారణాలు కనిపించాయి. ఒకటి, నాళాలు ఒక మూల కొద్దిగా మాత్రమే కలిసి ఉండటం. అది టైమ్ పడితే అదే సర్దుకుంటుంది, మొక్క కొత్త నాళాలు కట్టుకుంటుంది. రెండోది, ఎక్కువగా ఇదే, స్టాక్ నిద్రపోవడం. చలికాలం ముంచుకొస్తున్నప్పుడు కట్టినవన్నీ ఇలాగే ఆగాయి, మంచి ఎదుగుదల మీద ఉన్న స్టాక్‌ల మీద అదే విత్తనాల బ్యాచ్‌లోని మొలకలు పరుగెత్తాయి. మొలకలు ఒకటే, బ్లేడు ఒకటే, చెయ్యి ఒకటే.

ఆగినవాటికి నేను చేసింది పెద్దగా ఏం లేదు. స్టాక్ కాడ మీద కళ్ల నుంచి పక్క చిగుళ్లు వస్తుంటాయి, వాటిని చిన్నగా ఉండగానే గిల్లేస్తాను, లేకపోతే బలమంతా అవే లాక్కుంటాయి, పైన మొలక బిక్కమొహం వేసుకుని చూస్తుంటుంది. కానీ ఆకులు మాత్రం ముట్టుకోను. కొందరు శుభ్రంగా ఉంటుందని ఆకులన్నీ తెంపేస్తారు, వేగం వచ్చేదే ఆ ఆకుల వల్ల అయినప్పుడు వాటిని తీసేస్తే ఇంక పెరెస్కియోప్సిస్ పెట్టుకుని ఏం లాభం? ఇంకా వెచ్చటి చోటికి మార్చాను, వెలుతురు పెంచాను, ఎరువు నీళ్లు మొదలుపెట్టాను. స్టాక్ కొత్త ఆకు వేసిన తర్వాత కొన్ని వారాలకి పైన మొలక కూడా కదిలింది. కొన్ని ఎప్పటికీ కదలలేదు, వాటిని అలాగే వదిలేశాను, పీకి పారేయడానికి మనసొప్పలేదు, చోటు కూడా పెద్దగా ఆక్రమించవు కదా.

ఊపందుకున్నాక మాత్రం కళ్ల ముందే పెరుగుతాయి. మూడు మిల్లీమీటర్ల ఆస్టీరియాస్ ఏడాది తిరక్కుండా రెండు మూడు సెంటీమీటర్లు అవుతుంది, సొంత వేరు మీద ఉన్న దాని తోబుట్టువు అప్పటికి ఇంకా చిన్న గుండీ అంతే. అప్పుడు నీళ్లు, ఎరువు కాస్త అదుపులో పెట్టాలి, ఎందుకంటే స్టాక్ తోసే వేగానికి పైన చర్మం సాగలేక చీలిపోతుంది, పక్కన అడ్డంగా ఒక నోరు తెరుచుకుంటుంది. పొడిగా ఉంచితే గాయం మానుతుంది, మచ్చ మాత్రం ఉండిపోతుంది. ఎండ విషయంలోనూ అంతే, నీడలో పెరిగిన లేత చర్మాన్ని ఒక్కసారే ఎండలో పెడితే తెల్లగా కాలిపోతుంది, ఆ మచ్చ కూడా పోదు.

అందం సంగతి నిజాయితీగా చెప్పాలంటే, పెరెస్కియోప్సిస్ మీద పెరిగిన మొక్క దాని అసలు రూపంలో ఉండదు. ఆస్టీరియాస్ సహజంగా నేలకి అతుక్కుని బల్లపరుపుగా ఉండే మొక్క, టెక్సాస్ దక్షిణ కొసన, ఈశాన్య మెక్సికోలో పొదల కింద సగం మట్టిలో దాక్కుని ఉంటుంది. అంటు మీద అదే మొక్క గాలి కొట్టిన బంతి. ఏరియోకార్పస్ బొడిపెలు రాయిలా దగ్గరదగ్గరగా ఉండాల్సినవి పొడుగ్గా సాగి విడివిడిగా పచ్చగా ఉంటాయి. ఒంటరిగా పెరిగే రకాలు కూడా పక్కన పిల్లలు పెట్టేస్తాయి. కొంతమందికి ఇది అస్సలు నచ్చదు, మొక్కని హింసించడం అంటారు. నాకు ఆ మాట మరీ పెద్దదిగా అనిపిస్తుంది. ఆస్టీరియాస్, ఏరియోకార్పస్, ఆజ్టెకియం రిట్టెరి మూడూ అంతర్జాతీయ వ్యాపారం మీద అత్యంత కఠినమైన ఆంక్షలుండే సైటీస్ ఒప్పందం మొదటి జాబితాలో ఉన్నాయి, ఎడారి నుంచి తవ్వి అమ్ముకోవడం వల్ల అడవిలో వాటికి పెద్ద దెబ్బే తగిలింది. విత్తనం నుంచి వచ్చిన మొక్క తొందరగా పెరిగి, తొందరగా పూసి, మళ్లీ విత్తనమిస్తే, ముడతలు పడిన రాయిలాంటి ముసలి ఏరియోకార్పస్‌ని ఎక్కడి నుంచో తవ్వి తెచ్చి అమ్మేవాడి దగ్గర కొనాల్సిన అవసరం తగ్గుతుంది. ఉబ్బిన మొక్కయితే ఉబ్బినదే, కనీసం దాన్ని చూస్తే ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

పువ్వు గురించి. ఆస్టీరియాస్‌లు ఏడాది, ఏడాదిన్నర మధ్యలో మొగ్గ వేశాయి, పసుపు రంగు, గొంతులో ఎరుపు. ఏరియోకార్పస్ ఇంకా టైమ్ తీసుకుంది కానీ ఎనిమిదేళ్లతో పోలిస్తే అది టైమే కాదు. అయితే ఆస్టీరియాస్ తన పుప్పొడితో తను కాయ కట్టదు, రెండు వేర్వేరు మొలకల నుంచి వచ్చిన మొక్కలు ఒకే రోజు పూయాలి, అదే మొక్క పిల్లని వేరు చేసి పెంచినా లెక్కకి రాదు, అది అదే మొక్క. కాబట్టి అంటు కట్టేటప్పుడే కనీసం మూడు నాలుగు వేర్వేరు మొలకలు కట్టుకోండి, లేకపోతే పువ్వు చూసి ఫోటో తీసుకోవడం తప్ప ఏం ఉండదు. చిన్న బ్రష్‌తో మధ్యాహ్నం పువ్వు పూర్తిగా విచ్చుకున్నప్పుడు ఒకదాని పుప్పొడి ఇంకోదానికి రాస్తే సరిపోతుంది.

ఈ స్టాక్ శాశ్వతం కాదని ముందే తెలుసుకుని దిగాలి. కాడ సన్నం, పైన బరువు పెరిగేకొద్దీ వంగిపోతుంది, పుల్ల కట్టాలి. ఆకుల మొదట్లో పిండినల్లి దాక్కుంటుంది, వారానికోసారి ఆకు తిప్పి చూడకపోతే తెలిసేసరికి తెల్లగా అల్లుకుపోతుంది. పది డిగ్రీల కిందకి చలి దిగితే ఆకులు రాల్చేస్తుంది, అలా రాల్చిన స్టాక్‌కి మామూలుగా నీళ్లు పోస్తే కుళ్లుతుంది. కొన్నేళ్లకి కాడ అలిసిపోయినట్టు ముదిరి పైన మొక్క సన్నబడటం మొదలవుతుంది. అప్పటికి రెండు దారులు. మిర్టిల్లోకాక్టస్ లాంటి లావుపాటి స్టాక్ మీదకి మార్చడం ఒకటి, దీనికి ఈసారి రబ్బరు బ్యాండ్లు కావాలి, మొక్క పెద్దది కాబట్టి తడి ఒక్కటే పట్టి ఉంచదు. లేదంటే విడదీసి సొంత వేళ్ల మీదకి దించడం.

నేను కొన్ని ఆస్టీరియాస్‌లని దించాను. కీలు దగ్గర స్టాక్ ముక్క మిగలకుండా శుభ్రంగా కోసి, నీడలో గాలి తగిలే చోట రెండు వారాల దాకా ఆరబెట్టి, కోత గట్టిపడి తోలు కట్టాక పొడి ప్యూమిస్ (తేలికపాటి అగ్నిపర్వత రాయి ముక్కలు) మీద పెట్టాను. స్టాక్ ముక్క ఒక అంగుళం ఉంచేసి దాన్నే మట్టిలో పాతిపెట్టే పద్ధతి కూడా ఉంది, అప్పుడు మొదట స్టాకే వేళ్లు వేసి మొక్కని నిలబెడుతుంది, తొందరగా తేరుకుంటుంది, కానీ ఆ ముక్క తర్వాత లోపల కుళ్లితే పైదాకా ఎక్కుతుందని నాకు అనుమానం, అందుకే వాడలేదు. ఆరబెట్టినవి వేళ్లు వేసేదాకా బాగా ముడుచుకుపోయాయి, కొన్ని నెలలు ఏ కదలికా లేదు. వేళ్లు పట్టాక ఎదుగుదల బాగా నెమ్మదించింది, ఉబ్బు తగ్గి పక్కలు దిగి నెమ్మదిగా బల్లపరుపు ఆకారం వస్తోంది, కొత్తగా వచ్చిన భాగం మీద తెల్లచుక్కలు దగ్గరదగ్గరగా పడుతున్నాయి, పాత భాగం మీద దూరం దూరంగానే ఉండిపోయాయి.

ఆజ్టెకియంలని మాత్రం దించే ఉద్దేశం లేదు. పక్కన పిల్లలు పెడుతున్నాయి, ఒక్కో పిల్ల నాలుగైదు మిల్లీమీటర్లయ్యాక విరిచి ఇంకో స్టాక్ మీద పెడుతున్నాను, మొలక కొయ్యడం కంటే అది ఎంతో తేలిక. ప్రస్తుతం పెరెస్కియోప్సిస్ కొమ్మలు ఇంకో వరస గుచ్చి పెట్టాను, వేళ్లు వచ్చాయి, కొసలు ఇంకా కదల్లేదు, కొత్త ఆకులు విచ్చుకోవడం మొదలుపెట్టాక బ్లేడు తీస్తాను.